ఎవరి డబ్బాలో ఏముందో

మా మేనమామకి పర్లాకిమిడిలో పిండిమర ఉంది. కరోనా రోజుల్లో హైదరాబాద్ గది ఖాళీ చేసి వచ్చేసిన దగ్గర్నుంచీ ఆ మర మీది గదే నా ఆఫీసు. కింద బెల్టు తిరిగితే పైన నా టేబుల్ మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. మీటింగు మొదలైన అయిదు నిమిషాలకి ఎవరో ఒకరు "మీ వెనక ఏదో చప్పుడొస్తోంది, మ్యూట్ చేస్తారా" అంటారు. నేను చేసే పని, సర్వర్ల మధ్య పని పంచడం. కింద మామయ్య చేసేదీ అదే. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "మరయితే కరెంటు బిల్లు నువ్వు కట్టు అల్లుడూ" అన్నాడు.

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మర గుమ్మం ముందు స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు, సిమెంటు సంచులు వరసగా కూర్చుని ఉంటాయి. పక్కన మనుషులుండరు. డబ్బా పెట్టేసి ఎవరి పనికి వాళ్ళు పోతారు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా వైపే ఉండిపోయింది. అందుకని ఆ వరసలో తెలుగు డబ్బా, ఒడియా డబ్బా, కొండ మీంచి సవర వాళ్ళు దింపుకొచ్చిన చోళ్ళ (రాగుల) మూట, అన్నీ ఉంటాయి. మామయ్యకి సవర మాటలు ఓ ఇరవై వచ్చు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్ళో ఉండగానే కదా, ఇక్కడి గాలిలో ఉందేమో అనుకుంటాను.

మామయ్య వరస తప్పడు అంటారు అందరూ. నేను పైనుంచి చూస్తాను కాబట్టి చెబుతున్నాను, రోజూ తప్పుతాడు. పది కేజీల బియ్యం డబ్బా వంతు వచ్చినప్పుడు దాని వెనక చిన్న గిన్నెలో పావుకేజీ మినుములుంటే, ముందు ఆ గిన్నె లాగేస్తాడు. పెద్ద డబ్బా వాళ్ళకి అర నిమిషం ఆలస్యం, గిన్నె ఆవిడకి అరగంట ఆదా. చిన్న పని ముందు చేస్తే అందరి సగటు ఎదురుచూపూ తగ్గుతుందని మా శాస్త్రంలో 1956లోనే రుజువు చేశారు. మామయ్య మాత్రం "చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది రా, చూడలేదా" అంటాడు.

మిషన్లు రెండు. ఒకదాంట్లో బియ్యం, గోధుమలు, చోళ్ళు. ఇంకోదాంట్లో కారం, పసుపు. ఒక సంక్రాంతికి రెండో మిషన్ మోటారు కాలిపోయింది. అప్పుడు అన్నీ ఒకే మిషన్ మీద ఆడించాల్సొచ్చింది. కారం ఆడించిన మిషన్లో వెంటనే అరిసెల పిండికి తడిబియ్యం పోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండు దోసిళ్ళ నూకలు పోసి, తిప్పి, ఆ ఎర్రపిండి పక్కన పడేసి, అప్పుడు బియ్యం పోయాలి. ప్రతిసారీ అలా కడుగుతూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. అందుకని మధ్యాహ్నం దాకా పిండి, సాయంత్రం కారం అని పలక మీద రాసి పెట్టాడు. వరస ప్రకారం న్యాయం కాదది. కానీ రోజుకి ఎన్ని డబ్బాలు తెమిలాయో చూస్తే అదే సరైన పని. సర్వర్లలోనూ ఇదే గొడవ: ఒక యూజర్ డేటా ఏ సర్వర్ మెమరీలో వెచ్చగా, అంటే వెంటనే అందేలా ఉందో అతని తర్వాతి పని కూడా అక్కడికే పంపితే మేలు, ఆ సర్వర్ కాస్త బిజీగా ఉన్నా సరే.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది మామయ్య తెలివి గురించి కాదు. మామయ్యకి ఉన్న సదుపాయం గురించి. ఆయన డబ్బా మూత తీసి చూడగలడు. ఎంతుంది, ఏముంది, తడిగా ఉందా పొడిగా ఉందా, అన్నీ ఒక్క చూపులో తెలిసిపోతాయి. మా సర్వర్ల ముందు నిలబడి వచ్చిన పనిని వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్‌కి మూత తీసే వీలు లేదు. వచ్చిన రిక్వెస్టు మూడు మిల్లీసెకన్లలో తేలిపోతుందో, ముప్పై సెకన్లు డేటాబేస్‌ని పట్టుకుని వేలాడుతుందో అది పూర్తయ్యాకే తెలుస్తుంది. పని పంచడంలో లెక్క కష్టమని పుస్తకాలు చెబుతాయి. నేను ఒప్పుకోను. అసలు కష్టం తెలియకపోవడం. మా రంగంలో సగం శ్రమ ఈ తేడా గుర్తించక వృథా అయిందని నా గట్టి నమ్మకం, ఆ వృథాలో నా రెండేళ్ళు కూడా ఉన్నాయి.

నా ఎం.టెక్. ఈ చుట్టుపక్కల కాలేజీలోనే అయింది. థీసిస్ అంశం, చీమల బారు పద్ధతితో క్లౌడ్‌లో టాస్క్ షెడ్యూలింగ్, అంటే అద్దె సర్వర్ల గుంపులో ఏ పని ఏ మెషిన్‌కి ఇవ్వాలన్నది. చీమలు దారిలో వాసన వదులుతూ పోతాయి కదా, అలాగే మంచి షెడ్యూల్ దొరికిన దారిలో కాస్త 'వాసన' పెంచుకుంటూ పోవాలి. మా బ్యాచ్‌లో ఒకడు తేనెటీగలు తీసుకున్నాడు, ఇంకొకమ్మాయి గబ్బిలాలు. సీనియర్ ఒకాయన తోడేళ్ళు. తిమింగలాల మీద కూడా పేపర్లున్నాయి. మా ల్యాబ్‌ని చూసి ఇందిరాగాంధీ జూ అని ఏడిపించేవాళ్ళు. అందరం వాడిన పనిముట్టు ఒకటే, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రాజ్‌కుమార్ బుయ్యా బృందం తయారుచేసిన, నిజం సర్వర్లు లేకుండానే కంప్యూటర్లో వాటిని అనుకరించే సిమ్యులేటర్, క్లౌడ్‌సిమ్. అందులో ఒక్కో పనినీ క్లౌడ్‌లెట్ అంటారు. దానికి ఒక పొడవు ఉంటుంది, ఇన్ని మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు అని. ఒక్కో మెషిన్‌కి ఒక వేగం ఉంటుంది, సెకనుకి ఇన్ని మిలియన్లు అని. పొడవుని వేగంతో భాగిస్తే ఎంతసేపు పడుతుందో వచ్చేస్తుంది. ఇంక ఏ పని ఏ మెషిన్‌కి అన్నది చీమలు తేలుస్తాయి.

అంటే మేం ముందే అన్ని డబ్బాల మూతలూ తీసేసి కూర్చున్నాం. సిమ్యులేటర్ తప్పు కాదది, ఇచ్చిన లెక్క అది చేస్తుంది. ఆ పొడవులు మేమే కనిపెట్టి వేసిన అంకెలు. వైవాలో ఎక్స్‌టర్నల్ నన్ను ఒక్కటే అడిగారు, "ఈ పొడవు నీకు ఎవరు చెప్పారు?" అని. నేను "ఇన్‌పుట్ సార్" అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఇలాంటి ప్రతి పేపరూ "ఇది ఎన్‌పీ-హార్డ్ సమస్య కాబట్టి" అన్న మాటతో మొదలవుతుంది. అంటే, పనులు పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబుని తొందరగా తేల్చే దారి ఎవరికీ తెలియదని. అబద్ధం కాదు. పనులన్నీ రెండే మెషిన్ల మీద సర్ది, ఆఖరి పని వీలైనంత తొందరగా అయ్యేలా చూడడమే ఎన్‌పీ-హార్డ్. కానీ బెల్ ల్యాబ్స్‌లో రొనాల్డ్ గ్రాహమ్ 1966లోనే చూపించాడు: ఏ తెలివీ లేకుండా, ఖాళీ అయిన మెషిన్‌కి తర్వాతి పని ఇచ్చుకుంటూ పోతే చాలు, అత్యుత్తమ షెడ్యూల్‌కి రెండింతలు కూడా దాటం. 1969లో ఇంకో మాట చెప్పాడు. పెద్ద పనులు ముందు వేసి చిన్నవి తర్వాత సర్దితే ఆ తేడా మూడో వంతు లోపే. ఈమధ్య ఒక ఆదివారం నా థీసిస్ ఇన్‌పుట్లు పాత హార్డ్ డిస్కులోంచి తీసి, ఈ పెద్దది-ముందు పద్ధతితో నడిపాను. పది లైన్ల కోడ్. నా చీమలు తెచ్చిన జవాబుకీ దీనికీ నూటికి రెండు తేడా కూడా లేదు. అప్పట్లో చీమలు తిరుగుతుంటే నేను కిందకెళ్ళి టీ తాగి వచ్చేవాణ్ణి.

అదే 1966 పేపర్లో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. పనుల మధ్య ఇది అయ్యాకే అది అన్న నియమాలున్నప్పుడు, ఇంకో మెషిన్ చేరిస్తే మొత్తం పని ఆలస్యంగా ముగియవచ్చు. ఒక్కో పని కాస్త చిన్నదైనా ఆలస్యం కావచ్చు. ఆ నియమాల్లో కొన్ని ఎత్తేసినా కావచ్చు. గ్రాహమ్ చిన్న చిన్న ఉదాహరణలతో వీటిని చూపించాడు. "సర్వర్లు పెంచండి" అనే మేనేజర్లకి అవి ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలనిపిస్తుంది.

పొడవు నిజంగా తెలిసిన చోట్లు లేకపోలేదు. రోజూ రాత్రి రెండింటికి నడిచే రిపోర్టులు, నెలాఖరు లెక్కలు. నిన్న నలభై నిమిషాలు పట్టింది ఇవాళా ఇంచుమించు అంతే పడుతుంది. అక్కడ పెద్దది ముందు వేసేస్తాను, హాయిగా ఉంటుంది. కానీ మనిషి ఫోన్ పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునే చోట ఆ హాయి ఉండదు.

ఇక సర్వర్ గొడవ చెబుతాను. నేను పనిచేసిన ఒక కంపెనీ పరీక్షా ఫలితాల సైటు ఒకటి చూసేది. ఆరు సర్వర్లు, ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్. ఎవరి చేతిలో తక్కువ కనెక్షన్లు, అంటే ఇంకా తెమలని రిక్వెస్టులు, ఉంటే వాళ్ళకి కొత్త రిక్వెస్టు ఇవ్వాలి అన్న రూల్ నేనే పెట్టాను. వంతులవారీగా పంచడం కన్నా ఇది తెలివైనదని అందరం అనుకుంటాం. ఫలితాలు వచ్చే రోజు పొద్దున్న ఒక సర్వర్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పు పడింది. ఆ సర్వర్‌కి రిక్వెస్టు వెళ్ళగానే నాలుగు మిల్లీసెకన్లలో ఎర్రర్ విసిరేస్తోంది. మిగతా అయిదూ నిజంగా పనిచేస్తున్నాయి కాబట్టి ఒక్కోదానికి నాలుగు వందల మిల్లీసెకన్లు.

చూడండి ఏమైందో. తప్పు సర్వర్ చేతులు ఎప్పుడూ ఖాళీ. బ్యాలెన్సర్ కంటికి అంత చురుకైన పనివాడు ఇంకొకడు లేడు. అందరి చేతిలో ఉన్న కనెక్షన్లనూ సమానంగా ఉంచాలని చూస్తుంది కాబట్టి, మిగతావాళ్ళు ఒక్కటి పూర్తి చేసేలోపు దీనికి వంద ఇచ్చింది. అయిదుగురికి తలో ఒకటి, దీనికి వంద. నూటికి తొంభై అయిదుగురు పిల్లలకి ఎర్రర్ పేజీ. మా గ్రాఫుల్లో మాత్రం సగటు స్పందన సమయం అద్భుతంగా తగ్గింది, ఒకాయన చాట్‌లో చప్పట్ల బొమ్మ కూడా పెట్టాడు. బతికే ఉన్నావా అని సర్వర్‌ని అడిగే పరీక్ష ఉంది. అది హోమ్ పేజీ వస్తుందా అని మాత్రమే చూస్తుంది. వచ్చింది. హోమ్ పేజీకి డేటాబేస్ అక్కర్లేదు మరి.

పని ఎగ్గొట్టేవాడి బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని ఏ గుమాస్తానైనా అడగండి, చెబుతాడు. నేను ఖాళీ బల్లని చూసి పని ఇచ్చాను.

ఆ పరీక్షని డేటాబేస్ దాకా వెళ్ళేలా మార్చాం. నెలయ్యాక డేటాబేస్ ఒకసారి మందగించింది, ఆరు సర్వర్లూ ఒకేసారి పరీక్ష తప్పాయి, బ్యాలెన్సర్ ఆరింటినీ పక్కన పెట్టేసింది. మందంగా నడిచే సైటు కాస్తా లేని సైటైంది. ఎన్వాయ్ లాంటి ప్రాక్సీల్లో (సర్వర్ల ముందు నిలబడి పని పంచే ప్రోగ్రాముల్లో) సగానికి పైగా సర్వర్లు చచ్చాయని కబురొస్తే ఆ కబురునే నమ్మకుండా అందరికీ పంచేసే ఏర్పాటు ముందే పెట్టి ఉంటుంది. అది రాసినవాళ్ళు ఇలాంటి రాత్రి ఒకటి గడిపే ఉంటారు.

తెలియకపోవడంలో ఇంకో రకం ఉంది. తెలిసింది పాతబడడం. మా వీధిలో మామయ్య మర కాక రెండు వీధుల అవతల ఇంకోటుంది. "అక్కడ ఎవరూ లేరమ్మా, ఇప్పుడే చూసొచ్చా" అని ఎవరైనా అంటే పదిమంది డబ్బాలెత్తుకుని అటు పరిగెడతారు. పావుగంటకి అక్కడ చాంతాడు, ఇక్కడ మామయ్య ఈగలు తోలుకుంటూ. మళ్ళీ ఇటు కబురు. సర్వర్ల లోడ్ అంకెలు పదిహేను సెకన్లకోసారి సేకరించి, అందులో అతి తక్కువ ఉన్నదానికి అన్నీ పంపే రూల్ పెడితే అచ్చం ఇదే జరుగుతుంది. ఆ పదిహేను సెకన్లూ ఒకడి మీదే పడతాయి. పాత కబురుని పూర్తిగా నమ్మేవాడి కన్నా కళ్ళు మూసుకుని ఎటో పోయేవాడు చాలాసార్లు బాగుపడతాడు.

మరి కళ్ళు పూర్తిగా మూసుకోవడం, పూర్తిగా తెరవడం, ఈ రెంటికీ మధ్య ఏమైనా ఉందా? ఉంది, నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, అప్‌ఫాల్ అనే నలుగురు లెక్క కట్టారు. తర్వాత మైఖేల్ మిట్జెన్‌మాకర్ 1996లో బర్క్‌లీలో తన థీసిస్‌లో దాన్ని క్యూలకి అన్వయించాడు. పది లక్షల గంపలు, పది లక్షల బంతులు. ఒక్కో బంతినీ లాటరీ వేసి ఏదో గంపలో వేస్తూ పోతే, అన్నిటికన్నా నిండిన గంపలో ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అలా కాక, ఏవో రెండు గంపలు లాటరీ తీసి, ఆ రెంటిలో తక్కువున్నదాంట్లో వేస్తే, నిండిన గంపలో నాలుగే ఉంటాయి. మూడు గంపలు చూస్తే ఇంకాస్త తగ్గుతుంది గానీ, ఒకటి నుంచి రెండుకి వచ్చినప్పటి లాభం మళ్ళీ రాదు. పది లక్షల గంపల సంగతి తెలుసుకోనక్కర్లేదు. రెంటిలోకి తొంగి చూస్తే చాలు.

ఎన్‌జిన్‌ఎక్స్‌లోనూ హెచ్‌ఏప్రాక్సీలోనూ (ఇవీ పని పంచే ప్రోగ్రాములే) ఇది ఒక లైన్ సెట్టింగ్. దీన్ని నా పాత కథకి పెట్టి చూడండి. ఆరు సర్వర్లలోంచి రెంటిని ఏరితే పదిహేను జంటలు వస్తాయి. తప్పు సర్వర్ వాటిలో అయిదింట్లోనే ఉంటుంది. అది ఎంత ఖాళీగా కనిపించినా మూడో వంతుకి మించి రిక్వెస్టులు దానికి చేరవు. తొంభై అయిదు మంది బదులు ముప్పై ముగ్గురు ఏడ్చేవాళ్ళు. మంచి జవాబు కాదు, ఒప్పుకుంటాను. కానీ కబురు తప్పయినప్పుడు ఆ తప్పుకి ఒక గట్టు కట్టింది. అన్నీ తెలుసనుకునే రూల్‌కి ఆ గట్టు లేదు.

పెళ్ళిలో బంతి కూర్చోవడం చూశారు కదా. వందమంది తిని చేతులు ముడుచుకుని కూర్చున్నా, మూలన ఒక పెద్దాయన పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ తీరుబడిగా ఉంటే బంతి లేవదు. పనిని వంద సర్వర్లకి ముక్కలు చేసి ఇస్తే ఇదే తంతు. గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన పేపర్లో లెక్క ఉంది: ఒక్కో సర్వర్ నూటికి ఒక్కసారే సెకను దాటుతుందనుకోండి, వందమందినీ అడగాల్సిన రిక్వెస్టుల్లో నూటికి అరవై మూడు సెకను దాటుతాయి. ఆ పెద్దాయన ఎవరో ముందే కనిపెట్టలేం. గూగుల్ వాళ్ళు 2004లో, పెద్ద పనిని ముక్కలు చేసి చాలా మెషిన్లకి పంచే మ్యాప్‌రెడ్యూస్‌లో కనిపెట్టే ప్రయత్నమే చెయ్యలేదు. పని చివరికి వచ్చేసరికి మిగిలిపోయిన ముక్కల్ని ఇంకో మెషిన్‌కి కూడా ఇచ్చేవాళ్ళు, ఎవరు ముందు ముగిస్తే వాళ్ళది తీసుకునేవాళ్ళు. వాళ్ళ సార్టింగ్ (డేటాని వరసలో పేర్చే) పరీక్షలో ఈ ఏర్పాటు తీసేస్తే 44 శాతం ఎక్కువసేపు పట్టింది.

అదనంగా చేసే ఆ రెండో పనికి చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఖాళీ ఉంటేనే వస్తుంది. మా పైవాళ్ళతో నా గొడవ ఇక్కడే. ప్రతి మూడు నెలలకీ ఒక షీట్ వస్తుంది, సర్వర్లు సగటున యాభై శాతమే వాడుతున్నాం, తొంభైకి తీసుకురండి, దాదాపు సగం తీసేయండి అని. నేను జవాబు మామయ్య డబ్బాలతో రాశాను. ఒక మిషన్, ఒక్కో డబ్బాకి సగటున అయిదు నిమిషాలు, జనం ఎప్పుడొస్తారో ఎంత తెస్తారో తెలియదు. మిషన్ సగం సేపే తిరుగుతుంటే డబ్బా పెట్టిన మనిషి సగటున పది నిమిషాల్లో పిండి పట్టుకెళ్తాడు. ఎనభై శాతం తిరిగితే ఇరవై అయిదు నిమిషాలు. తొంభైకి యాభై. తొంభై అయిదుకి గంటా నలభై. ఇది మామూలు క్యూల సూత్రమే, అయిదుని ఖాళీ వంతుతో భాగించడం. పదిమంది మనుషులు ఎప్పుడొస్తారో ముందే చెప్పి, కొలిచిన డబ్బాతో వస్తే మిషన్ని తొంభై తొమ్మిది దాకా తిప్పచ్చు. ఆ ఖాళీ మన అజ్ఞానానికి కట్టే అద్దె. అలా అని ఎంతైనా కట్టమని నేననను. ప్రోగ్రాముల్ని సర్వర్ల మీద సర్దే క్యూబర్నెటిస్‌లో ప్రతి టీమూ తమ ప్రోగ్రామ్‌కి కావలసినదానికి నాలుగింతలు అడిగి పెట్టుకుంటుంది, అది వాడరు, ఇంకొకరిని వాడనివ్వరు. డబ్బా లేకుండా వరసలో ఇటుక పెట్టి పోవడం లాంటిది. అది కొయ్యండి, నాకు అభ్యంతరం లేదు. షీట్ పంపినాయన "నైస్ ఎక్స్‌ప్లనేషన్" అని రాసి, అరవై అయిదుకి ఒప్పుకున్నాడు. ఎక్కడ బేరమాడాడో నాకు తెలియదు గానీ, అరవై అయిదు పర్వాలేదు.

ఫలితాల రోజు మేం చేసిన పెద్ద తప్పు ఇంకొకటుంది, పాస్‌వర్డ్ సంగతి సరిచేశాక బయటపడింది. ఎవరినీ పొమ్మనలేదు. వచ్చినవాళ్ళందరినీ క్యూలో నిలబెట్టాం. క్యూ ఎంత పెరిగిందంటే, ఒకరి వంతు వచ్చేసరికి వాళ్ళ బ్రౌజర్ విసిగి వదిలేసి మళ్ళీ కొత్తగా అడుగుతోంది. మా సర్వర్లు ఎవరూ ఎదురుచూడని జవాబుల్ని శ్రద్ధగా తయారుచేస్తూ కూర్చున్నాయి. మా వాళ్ళకి లోడ్ షెడ్డింగ్ అనే మాట నోట్లోంచి రాదు. మన చిన్నప్పటి కరెంటు కోతల వల్ల ఆ మాటంటే కోపమేమో. కానీ మా శాస్త్రంలో అది మంచి మాటే: మొయ్యలేని బరువుని మొదట్లోనే దించెయ్యడం.

మొన్న భోగి ముందురోజు సాయంత్రం ఆరింటికి మామయ్య వరస చివర ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు పెట్టాడు. స్టూలు వెనక డబ్బా పెట్టకూడదు. అప్పుడే తడిబియ్యం బేసిను నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చింది, పాతపట్నం నుంచి ఆటోలో. స్టూలు చూసి గొడవ పెట్టుకుంది.

"బియ్యం నానబెట్టేశాను అన్నయ్యా, రేపటికి పులిసిపోవా?"

"ఇప్పుడు పెట్టావంటే రాత్రి పదకొండు అవుతాదమ్మా. కరెంటు పోతే అదీ కాదు. రెండో మరకి ఆరున్నరలోపు వెళ్తే తీసుకుంటాడు, ఆటో ఇంకా అక్కడే ఉంది, ఆపించమంటావా?"

ఆవిడ తిట్టుకుంటూ బేసిను మళ్ళీ నెత్తికెత్తుకుంది. మామయ్య ఆటో వాణ్ణి కేకేశాడు.